దాదీ పేరు పాతదైపోయిందా?

ఇంట్లో బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులపై పడే తొలి బాధ్యతల్లో చక్కని పేరు పెట్టడం ఒకటి. ఈ మాట మన పాఠకుల్లో తెలియనివారుండరు. ఏడవ రోజున తల వెంట్రుకలు తీయించడం, అఖీఖా ఇవ్వడం, పేరు పెట్టడం సున్నత్ అని, పుట్టిన రోజునే పేరు పెట్టినా తప్పు లేదని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాము. చిక్కు అక్కడ లేదు. ‘చక్కని పేరు’ అంటే ఏది? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఇప్పుడు చాలా ఇళ్ళల్లో దాదీకి, కోడలికి మాట పడటం లేదు.

ఈ మధ్య నకిరేకల్‌లో ఇషా నమాజు తరువాత ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. కూతురు పుట్టి 35 రోజులైందట. చిల్లా దగ్గర పడుతోంది. ఆసుపత్రి కాగితంలో మాత్రం పాప ఇంకా ‘బేబీ ఆఫ్’ అనే ఉంది, పక్కన తల్లి పేరు. సెల్‌ఫోన్ తీసి ఒక పట్టిక చూపించాడు. అందులో 40కి పైగా పేర్లున్నాయి.

“మౌల్సాబ్, ఇండ్ల ఏదన్న ఒకటి మీరే చెప్పుండ్రి. మా ఇంట్ల లొల్లి ఖతం అయితది” అన్నాడు.

లొల్లి ఏమిటంటే, పాప దాదా కన్నుమూసే ముందు ఒక కోరిక చెప్పి పోయాడు. ఇంట్లో మొదట ఆడపిల్ల పుడితే దాదీ పేరు పెట్టాలని. దాదీ పేరు మన జిల్లాలో ఊరికి పదిమందికి ఉండే పేరే: సైదాబీ. కోడలు డిగ్రీ చదివిన అమ్మాయి. అత్తగారంటే ఆమెకు గౌరవం లేక కాదు. ఆ పేరుతో పిల్లను బడికి పంపితే తోటి పిల్లలు నవ్వుతారని ఆమె భయం. మరునాడు మేము వారింటికి వెళ్ళినప్పుడు ఆ పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. “మేరా నామ్ నక్కో బోల్రే” అని మాత్రం అన్నది. నా పేరు వద్దంటున్నారు అని.

ఆ ఒక్క మాట మమ్మల్ని చాలా దూరం ఆలోచింపజేసింది.

మన ప్రాంతంలో పేర్లు మారిన తీరు

పాఠక సోదర సోదరీమణులారా, ఒక్కసారి మీ ఇంట్లో మూడు నాలుగు తరాల పేర్లు వరుసగా చెప్పుకొని చూడండి. ముత్తాత లాల్‌మియా, తాత ఖాజా మొయినొద్దీన్, తండ్రి జావీద్, కొడుకు అయాన్. ఆడవారిలో ఇమాంబీ, తరువాత మహబూబ్ బేగం, తరువాత నస్రీన్ సుల్తానా, ఇప్పుడు లైబా. రక్తం ఒక్కటే, ఇల్లు ఒక్కటే. పేర్లు వింటే నాలుగు దేశాలవారేమో అనిపిస్తుంది.

మన నల్లగొండ జిల్లాలో పాత తరం పేర్లకు ఎక్కువగా మూడు ఊటలున్నాయి. ఒకటి మొహర్రం పీర్లు. ఇమాంబీ, ఇమాంసాబ్, ఖాసిం, హుస్సేన్‌బీ, మౌలాలీ మొదలైనవన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. రెండవది దర్గాలు. పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గా వల్ల సైదులు, సైదమ్మ, సైదాబీ అనే పేర్లు ఈ నేలంతా పరచుకున్నాయి. వరంగల్ వైపు అన్నారం దర్గా వల్ల యాకూబ్‌పాషా, యాకూబీ. ఈ పేర్లు మన ఇళ్ళకే పరిమితం కాలేదు. సైదులు, యాకయ్య, యాకమ్మ అనే పేర్లు గల హిందూ సోదర సోదరీమణులు ఇక్కడ వేలల్లో ఉన్నారు. 2019 ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు గెలిచినవారి పేరు సైదిరెడ్డి. ఇది మన ప్రాంతపు విచిత్రమే అనుకోండి, మన ప్రాంతపు అందమే అనుకోండి. మూడవది తల్లి ముద్దుగా పిలుచుకున్న పిలుపు: చాంద్, లాల్, గులాబ్, మోతీ, గోరీబీ.

పట్నంలో, జాగీర్లలో, చదువుకున్న కుటుంబాల్లో ఆ కాలానికి వేరే వరుస ఉండేది. కునియత్, పేరు, బిరుదు, వంశం అన్నీ కలిపి మూరెడు పేరు. 1908లో ఆందోల్‌లో పుట్టిన కవి మఖ్దూం పూర్తి పేరు అబూ సయీద్ ముహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. పిలిచేవారు దారిలోనే అలసిపోవాలి! పల్లెల్లో ఇంత పొడుగు లేదు గాని, అక్కడా అర్థవంతమైన పేర్లకు కొదవ లేదు. జనగామ ప్రాంతం నల్లగొండ జిల్లాలో ఉన్న రోజుల్లో, కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో పోరాడి 1940లో హత్యకు గురైన రైతు పేరు షేక్ బందగీ. బందగీ అంటే దాస్యం, ఆరాధన. అల్లాహ్‌కు దాసుడనని పేరులోనే చెప్పుకున్న మనిషి, భూస్వామికి దాసుడు కాలేదు. ఈ పేరును మనం ఇప్పుడు ఏ పిల్లవాడికైనా పెడుతున్నామా?

1960 తరువాత పర్వీన్, నస్రీన్, యాస్మీన్, షాహీన్, షబానా, రుక్సానా వచ్చాయి. ఉర్దూ నవలలు, రేడియో, సినిమాలు వీటిని ఇంటింటికీ చేర్చాయి. నిజానికి వీటిలో ఎక్కువ అరబీ పేర్లు కావు, పార్శీ పేర్లు. పర్వీన్ అంటే కృత్తికా నక్షత్రాల గుంపు. షాహీన్ అంటే డేగ. ఆనాటి ముసలివారు వీటిని విని ముక్కున వేలేసుకున్నారు. ఈనాడు ఆ నస్రీన్‌లే, ఆ పర్వీన్‌లే దాదీలయ్యారు. వారి పేర్లే ఇప్పుడు మనవరాళ్ళకు ‘పాత పేర్లు’.

తరువాత క్రికెట్ వచ్చింది. హైదరాబాద్ యువకుడు అజహరుద్దీన్ 1984-85లో తన మొదటి మూడు టెస్టుల్లోనూ వరుసగా సెంచరీలు కొట్టాక ఎన్ని ఇళ్ళల్లో అజహర్‌లు పుట్టారో! 2005లో సానియా మీర్జా హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచాక సానియాలు పుట్టారు. 1989 నాటి ఒక సినిమా తరువాత సల్మాన్‌లు పుట్టారు. మా మక్తబ్‌లో ఒక సల్మాన్‌ను ‘నీకీ పేరు ఎవరిని తలచుకుని పెట్టారు బాబూ’ అని అడిగితే, నిస్సంకోచంగా నటుడి పేరు చెప్పాడు. మేము కోప్పడలేదు. సత్యధర్మాన్ని వెదుక్కుంటూ ఇరాన్ నుంచి బయలుదేరి, బానిసగా అమ్ముడుపోయి, చివరికి మదీనా చేరిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) కథ చెప్పాము. శత్రు సేనలు మదీనాను చుట్టుముట్టడానికి వస్తున్నప్పుడు కందకం తవ్వాలని సలహా ఇచ్చింది ఆయనేనని చెప్పాము. వారం తరువాత ఆ పిల్లవాడు కొత్తగా చేరిన వాడికి ఈ కథే చెబుతుంటే విన్నాము. నటుడి ఊసు లేదు. తండ్రి ఎవరిని తలచుకుని పెట్టినా, పేరుకు మంచి వారసుణ్ణి చూపించే పని మన చేతిలోనే ఉందని ఆ రోజు మాకు అర్థమైంది.

ఇప్పుడు ఫోన్ వచ్చింది. ఎవరికీ లేని పేరు కావాలి, రెండక్షరాల్లో ఉండాలి, ఏ భాషవారు పిలిచినా తేలికగా పలకాలి.

కొత్తదనం తప్పా?

కాదు. దివ్యఖుర్ఆన్‌లోని మర్యం సూరాలో హజ్రత్ జకరియ్యా (అలైహి)కి కుమారుని శుభవార్త ఇస్తూ, అంతకు ముందు ఎవరికీ లేని పేరును అల్లాహ్ స్వయంగా పెట్టినట్లు ఉంది. ఆ పేరు యహ్యా. కనుక ఎవరికీ లేని పేరు కోరుకున్నంత మాత్రాన కోడళ్ళను తప్పుపట్టే అధికారం మనకు లేదు. అటు పాత పేరు పెట్టడం కూడా సున్నతే. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ కుమారునికి తమ పితామహుడైన హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) పేరు పెట్టుకున్నారు. రెండింటికీ ధర్మంలో చోటుంది.

‘ఇస్లామీ నామ్’ అని మనం అనుకునేవాటి సంగతి కూడా చూడండి. మొయినుద్దీన్, మొహియుద్దీన్, నిజాముద్దీన్ వంటి పేర్లు మన చెవికి ఎంతో ధార్మికంగా వినిపిస్తాయి. సహాబాల్లో ఒక్కరికైనా ఇటువంటి పేరు లేదు. ‘ఉద్దీన్’ అనే తోక దైవప్రవక్త (స) కాలం తరువాత కొన్ని శతాబ్దాలకు రాజుల, మంత్రుల బిరుదులతో మొదలై, తరువాత పండితులకు, ఆ తరువాత సామాన్యులకు వచ్చింది. అంటే అది కూడా ఒకనాటి ఫ్యాషనే. హిజ్రీ 676లో పరమపదించిన ఇమామ్ నవవీ (రహ్మలై)ని లోకమంతా ‘మొహియుద్దీన్’ అంటే ధర్మానికి ప్రాణం పోసినవాడని పిలుస్తుంటే, ఆయన దాన్ని ఇష్టపడలేదని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. అంత వినయం ఆయనది. ఆ పేరు పెట్టుకున్నవారు ఇది చదివి బాధపడవద్దు. పేరు నిషిద్ధం కాదు. మనం సనాతనం అనుకునేది కూడా ఒక రోజు కొత్తగా వచ్చిందేనని చెప్పడమే మా ఉద్దేశం.

అసలు సహాబాల పేర్ల అర్థాలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన హజ్రత్ తల్హా (రజి) పేరుకు అర్థం ముళ్ళ తుమ్మ జాతి చెట్టు. ఉహుద్ యుద్ధంలో అమరగతి పొంది, దైవదూతల చేత స్నానం చేయించబడిన హజ్రత్ హన్జలా (రజి) పేరు చేదుపుచ్చకాయ. బిలాల్ (రజి) హబషా సంతతివారు, సల్మాన్ (రజి) పార్శీ దేశస్థులు. దైవప్రవక్త (స) తల్హా, హన్జలా, బిలాల్ (రజి) పేర్లను మార్చలేదు. ఎవరి పేరు మార్చారు? అవిధేయత, కాఠిన్యం వంటి చెడు అర్థం ఉన్నవారివి, తమ్ముతాము పొగడుకున్నట్లు వినిపించేవి. పుణ్యవతి అనే అర్థం గల ‘బర్రా’ను జైనబ్‌గా మార్చింది ఈ రెండవ కారణంతోనే. విగ్రహాలకు దాస్యం తెలిపే పేర్లను కూడా మార్చారు. అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. తుమ్మచెట్టు పేరును ఉండనిచ్చిన ధర్మంలో గులాబ్, చాంద్ అనే పేర్లకు చోటు లేదని అనడానికి మనమెవరం?

మా పొరపాటు ఒకటి

ఈ మాట ఇంత గట్టిగా రాయడానికి ఒక కారణం ఉంది. దాన్ని దాచుకోవడం మాకు ఇష్టం లేదు.

మదర్సా నుంచి ఫారిగై వచ్చిన కొత్తలో మాకు ఉత్సాహం ఎక్కువ. మసీదులో ముందు వరుసలో నిలబడే ఒక పెద్దాయన ఉండేవారు. నిమ్మ మార్కెట్‌లో బస్తాలు మోసి నలుగురు పిల్లలను పెంచినవారు. ఆయన పేరు ఇక్కడ రాయము. లాల్‌మియా, చాంద్‌మియా వరుసలోని పేరే. ఒక జుమా తరువాత నలుగురిలో ఆయనతో, మీ పేరు ఇస్లామీ పేరు కాదు, మార్చుకోవాలి అన్నాము. ఆయన వాదించలేదు.

“మా అమ్మ పెట్టిన పేరు మౌల్సాబ్. మార్చొచ్చా అని అడుగుదామంటే ఆమె లేదు” అన్నారు.

మేము అబ్దుల్‌తో మొదలయ్యే ఒక మంచి పేరు సూచించాము. పిల్లలు సంతోషంగా ఒప్పుకున్నారు. పెద్దాయన తల ఊపారు. కొన్ని సంవత్సరాలకు ఆయన చనిపోయారు. మసీదు మైకులో జనాజా ప్రకటన చేసింది మేమే. కొత్త పేరుతోనే చేశాము. ముప్ఫై ఏళ్ళు ఆయనతో కలిసి బస్తాలు మోసిన మార్కెట్ హమాలీలకు ఆ పేరు ఎవరిదో తెలియలేదు. ఎవరో ముసలాయన అనుకుని పనిలో ఉండిపోయారు. మధ్యాహ్నం సంగతి తెలిసి పరుగున వచ్చేసరికి ఖబరు మీద మట్టి కూడా ఆరిపోతోంది. వారిలో ఒకాయన మమ్మల్ని ఒకే ఒక మాట అడిగాడు: “మా లాలన్న పేరు ఎందుకు జెప్పలే సారూ?”

మేము జవాబు చెప్పలేకపోయాము. ఉర్దూ చదివిన మాకు ‘లాల్’ అంటే ఎరుపు మాత్రమే కాదని, కెంపు అనే రత్నమని, ముద్దుబిడ్డ అని తెలియాలి కదా! ఆ తల్లి తన బిడ్డను రత్నమని పిలుచుకుంది. మేము ఆ పిలుపును ఆయన చివరి రోజున ఆయన నుంచి తీసేశాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

హదీసుల్లో ఒక సంఘటన ఉంది. తాబయీన్లలో గొప్ప పండితుడైన హజ్రత్ సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మలై) గారి తాత పేరు ‘హజ్న్’, అంటే కరకు నేల. దైవప్రవక్త (స) ఆయనకు ‘సహ్ల్’, అంటే మెత్తని నేల, అని పేరు పెట్టబోతే, తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని ఆయన అన్నారు. ఆ కరకుదనం తమ వంశంలో అలాగే ఉండిపోయిందని మనవడు తరువాత చెప్పుకున్నారు. బుఖారీలో ఉన్న ఈ హదీసును మేము ఆ రోజుల్లో చాలాసార్లు ప్రసంగాల్లో చెప్పేవాళ్ళం, పేరు మార్చుకోనివారిని హెచ్చరించడానికి. అయితే ఇందులో ఇంకొక సంగతి మా కళ్ళకు ఆనలేదు. అర్థం చెడ్డదైనా, స్వయంగా దైవప్రవక్త (స) చెప్పినా, ఆయన కాదంటే బలవంతం చేయలేదు. మేము మంచి అర్థం ఉన్న పేరునే నలుగురిలో నిలబెట్టి మార్పించాము.

ఇక దర్గా మొక్కుతో పెట్టిన పేర్ల విషయం. సంతానాన్ని ఇచ్చేది అల్లాహ్ ఒక్కడే. మొక్కు ఆయనకు తప్ప మరెవరికీ చెల్లదు. ఈ మాటను మేము ఎక్కడా మెత్తబరచము. కాని మొక్కు వేరు, పేరు వేరు. ముత్తవ్వ ఏ నమ్మకంతో పెట్టిందో ఆమె లెక్క అల్లాహ్ వద్ద ఉంది. పేరులో షిర్క్ అర్థం లేనప్పుడు ఆ పేరు మోస్తున్న మనిషిని దోషిగా చూడటం న్యాయం కాదు. సైదులు, ఖాసిం, యాకూబ్, హుస్సేన్ మొదలైన వాటిలో ఒక్కటైనా చెడ్డ పేరుందా? యాకూబ్ ఒక ప్రవక్త (అలైహి) పేరు కదా!

తెలుగు అక్షరాల్లో దాగే అర్థాలు

ఈ విషయం మీద కొంచెం ఆగాలి. మన ఇళ్ళల్లో ఉర్దూ చదవడం తగ్గింది. పేరును తెలుగు అక్షరాల్లోనో, ఇంగ్లీషు అక్షరాల్లోనో చూసి ఎంచుకుంటున్నాము. తెలుగు అందమైన భాష, కాని అరబీలోని కొన్ని ధ్వనులను అది విడివిడిగా రాయలేదు. ‘జ’ అనే ఒక్క అక్షరంలో అరబీ జీమ్, జాల్, జే, జ్వాద్, జోయ్ అన్నీ వచ్చి కూర్చుంటాయి.

దీని వల్ల ఏం జరుగుతుంది? జలీల్ అని జీమ్‌తో రాస్తే ఘనుడు. అదే జాల్‌తో రాస్తే నీచుడు, అవమానం పాలైనవాడు. తెలుగులో రెండూ ‘జలీల్’. ఆసిమ్ అని ఐన్, స్వాద్‌లతో రాస్తే కాపాడేవాడు. అలిఫ్, సేలతో రాస్తే పాపి. తెలుగులో రెండూ ‘ఆసిమ్’. మరీ ముఖ్యమైనది ‘ఆసియా’. హజ్రత్ ఉమర్ (రజి) కూతురికి ఉన్న ఆసియా అనే పేరును దైవప్రవక్త (స) ‘జమీలా’గా మార్చారని హదీసు ఉంది. అది చదివిన ఒక సోదరి కంగారుపడి, మా అమ్మాయి పేరు ఆసియా, మార్చాలా అని అడిగింది. వద్దమ్మా! మార్చిన పేరు ఐన్, స్వాద్‌లతో రాసేది, దాని అర్థం అవిధేయురాలు. మీ అమ్మాయిది సీన్‌తో రాసే ఆసియా, ఫిరౌను ఇంట్లో ఉండి అల్లాహ్‌ను విశ్వసించిన మహాసాధ్వి పేరు. తెలుగులో అక్షరం తేడా లేదు, అర్థంలో భూమ్యాకాశాల తేడా.

మన పూర్వ పండితులకు ఈ ప్రమాదం బాగా తెలుసు. హదీసు శాస్త్రమంతా పేర్ల మీదే నిలబడింది. ఎవరి నుంచి ఎవరు విన్నారన్న వరుసలో ఒక్క పేరు తారుమారైతే హదీసు స్థాయే మారిపోతుంది. అందుకే రాతలో ఒకేలా ఉండి పలుకులో వేరయ్యే పేర్ల కోసం వారు ప్రత్యేక గ్రంథాలు రాశారు. ఇమామ్ దారఖుత్నీ (రహ్మలై) రాసిన గ్రంథం వాటిలో ప్రసిద్ధం. ఒక ‘లామ్’ మీద ద్విత్వం ఉందా లేదా అని, సలామ్ వేరు, సల్లామ్ వేరు అని జీవితాలు ధారపోశారు. మనం బిడ్డ పేరు కోసం ఒక్క పూట వెచ్చించలేమా?

ఆ యువకుడి ఫోన్ పట్టికలో ‘జియాన్’ ఉంది. పక్కన ‘అందం, అలంకారం’ అని అర్థం రాసి ఉంది. ‘జయ్యాన్’ అని ‘యే’ మీద ఒత్తి పలికితే ఆ అర్థం వస్తుంది, మంచి పేరే. కాని మన ఉర్దూలో జియాన్ అంటే నష్టం. వ్యాపారస్థులను అడగండి, సూద్-ఓ-జియాన్ అంటే లాభనష్టాలు. కొడుకును పగలంతా ‘నష్టం, నష్టం’ అని పిలుచుకుంటామా? ‘లైబా’కు స్వర్గపు హూర్ అని ఫోన్ చెబుతుంది. అరబీ మాటకు అర్థం ఆడుకునే పిల్ల అని. పెట్టడం పాపమేమీ కాదు, కాని లేని అర్థాన్ని నమ్మి పెట్టడం ఎందుకు? ‘అయాన్’ అంటే కళ్ళెదుట కనిపించేది, స్పష్టమైనది. దోషం లేదు. ‘అర్హాన్’కు పాలకుడని రాస్తారు. అరబీలో ఆ అర్థం లేదు.

ఒక పని చేయండి. పేరు నచ్చితే వెంటనే ఖాయం చేయకుండా, ఉర్దూ వచ్చినవారి చేత దాన్ని ఉర్దూ లిపిలో రాయించండి. రాయించినప్పుడు వారు ‘ఏ సీన్? ఏ హే?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే పేరు దొరికినట్లే.

పేరు పెట్టాక దాన్ని ఎలా పిలుస్తున్నామన్నది కూడా ఉంది. అబ్దుర్రహ్మాన్ అని పెట్టి రహ్మాన్ అంటాము. అబ్దుర్రజ్జాఖ్‌ను రజ్జాఖ్ అంటాము. ఇవి అల్లాహ్‌కే చెందిన నామాలు. ‘అబ్దుల్’ తీసేసి మనిషిని పిలవకూడదు. ముహమ్మద్ అనే పవిత్ర నామాన్ని బడి రిజిస్టర్లో ‘ఎం.డి.’గా కుదించడం మన తెలంగాణలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023లో పుట్టిన మగపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు ముహమ్మద్ అని అక్కడి ప్రభుత్వ లెక్కల్లో తేలింది. అక్కడివారు పూర్తిగా రాస్తుంటే, మనం రెండక్షరాలు చేసి, చుక్కలు పెట్టి వదిలేస్తున్నాము.

కాగితాల సంగతి

బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. పేరు అప్పటికి తేలకపోయినా నమోదు ఆపవద్దు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 సంవత్సరాల వరకు అవకాశం ఉంది. 2023 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకు, ఓటుకు, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారం. కనుక అందులో పడే ఒక్కో అక్షరం జీవితాంతం వెంట వస్తుంది. ఆధార్‌లో పేరు మార్పుకు రెండుసార్లే అవకాశం.

ఒకే మాట పేర్ల మోజు ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. 2022 నవంబర్‌లో యుఏఈ ప్రభుత్వం, పాస్‌పోర్టులో ఒకే మాట పేరు ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని ప్రకటించింది. తరువాత, పాస్‌పోర్టు రెండవ పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించింది. గల్ఫ్‌కు పిల్లలను పంపే మన జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. రెండు మాటల పేరు పెట్టండి. ఒకటి మీకు నచ్చింది, ఒకటి పెద్దవారికి నచ్చింది. చాలా ఇళ్ళ లొల్లి అక్కడే తీరుతుంది.

ఎదిగిన మనిషి పేరు మార్పించాలని ఎవరైనా అంటే, ముందు అర్థం నిజంగా చెడ్డదేనా అని విచారించండి. ఆ పేరుతో సర్టిఫికెట్లు, పట్టాలు, పింఛను ఉంటాయి. ఆ పేరుతో నలభై ఏళ్ళ స్నేహాలుంటాయి.

మళ్ళీ సైదాబీ ఇంటికి

ఆ ఇంట్లో మేము కోడలినే అడిగాము, ‘అమ్మా, మీ అత్తగారి పేరుకు అర్థం తెలుసా?’ అని. ‘దర్గా పేరు కదండీ’ అన్నది. మేము ఒక కాగితం తీసుకుని ఉర్దూలో రాసి చూపించాము. సైదా అనేది సయ్యిదా. నాయకురాలు, గౌరవనీయురాలు. మన నల్లగొండ నాలుక మీద అరిగి అరిగి సైదా అయింది. దైవప్రవక్త (స) తమ ప్రియపుత్రిక హజ్రత్ ఫాతిమా (రజి)ని స్వర్గ స్త్రీల నాయకురాలని చెప్పినప్పుడు వాడిన మాట ఇదే.

కోడలు చాలాసేపు ఆ కాగితం చూసింది. చచ్చిపోయినవారి కోరిక కనుక తప్పక పాటించాలని షరీఅత్ చెప్పిందా అని అడిగింది. లేదు, పేరు పెట్టడం తల్లిదండ్రుల హక్కు, పెద్దల మనసు ఉంచడం మేలు, అంతే అన్నాము. భార్యాభర్తలు లోపలికి వెళ్ళి మాట్లాడుకున్నారు. ‘సయ్యిదా ఇనాయా’ అని బయటికి వచ్చి చెప్పారు. ఇనాయా అంటే కటాక్షం, ఐన్‌తో రాయాలి. అది కోడలి పట్టికలోని పేరు.

మేము లేవబోతుంటే దాదీ ఆ కాగితం అడిగింది. ఇన్నేళ్ళుగా వేలిముద్రే. తన పేరు రాసి ఉండగా ఎప్పుడూ చూడలేదట. ఏ గీత ఏమిటో చెప్పమన్నది. సీన్, యే, దాల్, హే అని వేలు పెట్టి చూపించాము. వెంట చదివింది. రెండవసారి మేము చెప్పకముందే చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బట్వాలో దాచుకుంది.